సార్వభౌమాధికారం కరిగిపోయిందా? కడప జిల్లా మూడు పట్టణాల సాక్ష్యం

ప్రపంచీకరణ ఫలితంగా రాజ్యాల సార్వభౌమాధికారం క్షీణించిపోతున్నదన్న మాట గడచిన మూడు దశాబ్దాలుగా పండితుల నోట, పత్రికల పుటల్లో వినవస్తూనే ఉంది. జపాను దేశపు వ్యాపార వ్యూహకర్త కెనిచి ఒమాయే 1995లో ప్రచురించిన గ్రంథానికి ‘జాతిరాజ్యపు అంతం’ అనే అర్థమిచ్చే పేరే పెట్టాడు. మరుసటి యేడు బ్రిటిష్ విదుషి సూసన్ స్ట్రేంజ్ రాజ్యం వెనుకంజ వేస్తున్నదని నిరూపించడానికి మరొక గ్రంథం వెలువరించింది. పెట్టుబడికి, సరకుకు, సమాచారానికి ఎల్లలు లేకుండా పోయిన తరువాత ఇక రాజ్యం చేయగలిగినదేమిటన్నది వీరి ప్రశ్న. వీరిని ఖండించేవారు మాత్రం సైన్యాలూ, న్యాయస్థానాలూ, పన్నుల శాఖలూ ఎక్కడివక్కడే ఉన్నాయి గదా, మారినదేమీ లేదంటారు.

ఈ రెండు వాదాలలోనూ ఒకే లోపమున్నది. రెండూ రాజ్యాన్ని రాజధానిలో నిలబడి చూస్తాయి. అధికారం ఎంత ఉన్నదని కొలుస్తాయి గాని, అది ఎవరి ముందు తగ్గింది, ఎవరి మీద పెరిగింది అని విచారించవు. అమెరికా పండితుడు స్టీఫెన్ క్రాస్నర్ 1999లో సార్వభౌమత్వాన్ని నాలుగు విధాలుగా విభజించి, ఒకటి తగ్గినప్పుడు మరొకటి తగ్గనవసరం లేదని చూపాడు. ఇది కొంత మేలైన దారి. అయితే అతని విచారణ కూడా అదుపు ఎంత సమర్థంగా ఉన్నదన్న చోటనే ఆగిపోతుంది. ఆ అదుపు భారం ఏ భుజాల మీద పడుతున్నదన్న విషయం ముందుకు రాదు.

ఈ వాదాల నాణెం ఎంతటిదో పరీక్షించడానికి కడప జిల్లాలో ఒకదానికొకటి చేరువగా ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలు చక్కని గీటురాయి కాగలవు. ఒకచోట బంగారం, మరొకచోట ఉక్కు కర్మాగారపు ఆశ, ఇంకొకచోట యురేనియం. మూడింటిలోనూ రాజ్యం ఉన్నది. మూడింటిలోనూ ప్రపంచం ఉన్నది. వాటి నడుమ నిలిచినవాడు రైతు.

గండికోట నుండి దత్తమండలాల వరకు

ముందుగా ఒక భ్రమను తొలగించుకోవాలి. ప్రపంచ వాణిజ్యం ఈ ప్రాంతానికి నిన్న మొన్న వచ్చినది కాదు. ఐరోపాలో 1648 నాటి వెస్ట్‌ఫాలియా సంధి నుండి ఆధునిక సార్వభౌమ రాజ్యాల యుగం ఆరంభమైనదని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఆ తరువాత నాలుగేండ్లకే, 1652లో, జమ్మలమడుగు సమీపాన పెన్నా లోయ అంచున ఉన్న గండికోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశపరచుకున్నాడు. ఇరాన్ దేశంలో పుట్టి, వజ్రాల వ్యాపారం ద్వారా పైకివచ్చిన మనిషి ఇతడు. సొంత ఓడలు నడిపినవాడు. ఫ్రెంచి రత్న వ్యాపారి తావెర్నియే అదే సంవత్సరం అతనిని గండికోటలోనే దర్శించాడు. కోటలో ఫిరంగులు పోత పోయడానికి ఐరోపా నిపుణులు పనిచేశారు. కొద్ది ఏండ్లలోనే మీర్ జుమ్లా గోల్కొండ సుల్తానును విడిచి మొఘల్ కొలువులో చేరిపోయాడు. వర్తకుడు, సేనాని, పాలకుడు అనే ముగ్గురూ ఒకే మనిషిలో కలిసినప్పుడు విధేయత కూడా సరకువలె చేతులు మారుతుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

పాలకుడు వర్తకంలో దిగితే ప్రజలకు నష్టమనీ, ఖజానాకూ చేటనీ ఇబ్న్ ఖల్దూన్ 1377లో వ్రాసిన ముఖద్దిమాలో ఒక ప్రకరణమే కేటాయించి వాదించాడు. పాలకునితో పోటీపడి ఏ వ్యాపారీ నిలువలేడు, వ్యాపారులు చితికిపోతే పన్నులు పడిపోతాయి అన్నది అతని తర్కం. అతడు చూడనిది ఒకటున్నది. పాలకుడు వర్తకుడు కావడం కాదు, వర్తక సంస్థయే పాలకురాలు కావడం. అది చూసే దౌర్భాగ్యం కడప మండలానికి దక్కింది.

1792 నాటి శ్రీరంగపట్నం సంధితో కడప ప్రాంతం టిప్పూ సుల్తాన్ చేతినుండి నిజాముకు వచ్చింది. తొమ్మిదేండ్లు తిరగకుండానే, 1800 అక్టోబరు 12 నాటి ఒడంబడికలో, తన రక్షణకు ఉంచిన ఈస్టిండియా కంపెనీ సైన్యపు ఖర్చుల కింద నిజాము ఈ భూములను కంపెనీకి ధారపోశాడు. దత్తమండలాలు అనే పేరు వచ్చింది అప్పుడే. ఇక్కడి ప్రజలను యుద్ధంలో ఎవరూ ఓడించలేదు. వారిని అడిగినవారూ లేరు. ఒక రాజు తీర్చవలసిన సైనిక బిల్లుకు బదులుగా ఒక వాణిజ్య సంస్థ ఖాతాలో వారు జమ అయినారు.

తరువాత జరిగినదే అసలు గమనించవలసినది. పై చూపుకు నిజాము సార్వభౌమత్వం కుదించుకుపోయింది. మరి కింద? 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాండ్రను అణచివేశాడు. 1802 మొదలు పొలం పొలానికీ సర్వే జరిపించి, మధ్యవర్తులు లేకుండా రైతు పేరనే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. మునుపు ఏ సుల్తాను చూపూ, ఏ రాయల చూపూ ఇంత నిశితంగా ఒక్కొక్క చేను మీద నిలువలేదు. నిర్ణయాలు లండనులోని డైరెక్టర్ల కచ్చేరీకి తరలిపోయినాయి. అమలు మాత్రం కమ్మవారిపల్లె చేనిగట్టు వరకు, రెడ్డిపల్లె కళ్ళం వరకు దిగివచ్చింది. అధికారం పైన పలచనైన కొద్దీ కింద చిక్కనైంది. ఈ సూత్రాన్ని గుర్తుంచుకుంటే తక్కిన కథ సులువుగా అర్థమవుతుంది.

ప్రొద్దుటూరు: ధర చెప్పేది ఎవరు?

రెండవ బొంబాయి అని పేరుపడిన ప్రొద్దుటూరులో బంగారపు అంగళ్ళ వీధికి వెళ్ళి నేటి ధర ఎంత అని అడిగితే వచ్చే జవాబులో ప్రపంచమంతా ఇమిడి ఉంటుంది. ఔన్సుకు, అనగా 31.1 గ్రాములకు, లండను బజారు డాలర్లలో చెప్పిన ధర; దానిని రూపాయలలోకి మార్చే ఆనాటి మారకపు రేటు; ఢిల్లీ విధించిన దిగుమతి సుంకం; 2017 జూలై నుండి వచ్చిన మూడు శాతం జి.ఎస్.టి. వీటి మీద కంసాలి మజూరీ. లండను ధరను 1919 నుండి కొద్దిమంది వర్తకులు కూడి నిర్ణయించేవారు. 2015 మార్చి నుండి అది ఎలక్ట్రానిక్ వేలం ద్వారా తేలుతున్నది. పద్ధతి మారినా స్థలం మారలేదు.

రాజ్యం ఈ లోహాన్ని అదుపు చేయడానికి ప్రయత్నించకపోలేదు. 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన నగలు చేయరాదని శాసించినప్పుడు దేశమంతటా కంసాలి కుటుంబాలు వీధిన పడ్డాయి. 1968లో అది చట్టమై, 1990లో రద్దయింది. మరుసటి యేడే, 1991 జూలైలో, విదేశీ మారకం అడుగంటిపోగా రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల వద్ద తాకట్టు పెట్టవలసి వచ్చింది. కుటుంబానికి కష్టం వచ్చినప్పుడు ఇల్లాలి నగ తీసుకుని ప్రొద్దుటూరు తాకట్టు అంగడికి పోయే రైతుకు ఈ వ్యవహారం బాగా తెలిసినదే. తేడా ఒక్కటే. రైతు నగ విడిపించుకోవడానికి వడ్డీ కట్టుకుంటాడు. దేశం వడ్డీతోపాటు తన వాణిజ్య విధానాన్నే మార్చుకున్నది.

ఇది సార్వభౌమత్వం చచ్చిపోయిందనడానికి సాక్ష్యమా? కాదు. 2013లో ఒకే యేట దిగుమతి సుంకం నాలుగు నుండి పది శాతానికి పెరిగింది. 2022 జూలైలో మొత్తం 15 శాతమైంది. 2024 జూలైలో ఆరు శాతానికి దిగింది. ఒక్కొక్క ప్రకటనతో ప్రొద్దుటూరు బీరువాలలోని సరకు విలువ రాత్రికి రాత్రి మారిపోయింది. అధికారం ఉన్నది. అయితే దానికి హద్దులున్నాయి. సుంకం హెచ్చిన ప్రతిసారీ దొంగరవాణా లాభసాటి అవుతుంది, అప్పుడు దించక తప్పదు. అంతేగాక 2022 మే 1 నుండి అమలుకు వచ్చిన యు.ఎ.ఇ. ఒప్పందం కింద, నిర్ణీత పరిమాణం వరకు అక్కడి బంగారానికి ఒక శాతం రాయితీ ఇస్తామని భారత ప్రభుత్వం మాట ఇచ్చింది. ధర లండనుది, సుంకం ఢిల్లీది, రాయితీ ఒడంబడికది. పెళ్ళికి పుస్తె చేయించే తండ్రి ఈ మూడింటినీ ఒకే రశీదు మీద చెల్లిస్తాడు.

జమ్మలమడుగు: నాలుగు శంకుస్థాపనలు

జమ్మలమడుగులో కథ వేరొక రూపం దాలుస్తుంది. 2007లో బ్రహ్మణి స్టీల్స్ పేరిట ఈ ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. పదివేల ఎకరాలకు పైగా భూమిని రాష్ట్ర ప్రభుత్వం కేటాయించింది. ఆ సంస్థ యజమాని 2011లో గనుల కేసులో అరెస్టయ్యాడు, పనులు నిలిచిపోయినాయి, పిమ్మట కేటాయింపు రద్దయింది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో కడప జిల్లా ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యాలను కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సెయిల్ ఆరు నెలలలో పరిశీలించాలని పార్లమెంటు వ్రాసిపెట్టింది. పరిశీలించాలని వ్రాశారేగాని కట్టాలని వ్రాయలేదు. 2018 డిసెంబరులో మైలవరం మండలంలో ఒక ముఖ్యమంత్రి, 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లె వద్ద మరొక ముఖ్యమంత్రి శిలాఫలకాలు నాటారు. 2023 ఫిబ్రవరిలో జె.ఎస్.డబ్ల్యు. సంస్థతో కలిసి అదే సున్నపురాళ్ళపల్లెలో మళ్ళీ శంకుస్థాపన అయింది. పదహారేండ్లలో నాలుగు రాళ్ళు.

వీటి నడుమ జరిగిన ఒక చిన్న సంఘటన వందల పుటల సిద్ధాంతానికి సరితూగుతుంది. 2021 ఫిబ్రవరిలో రాష్ట్ర మంత్రివర్గం బ్రిటనుకు చెందిన లిబర్టీ స్టీల్‌ను భాగస్వామిగా ఎన్నుకున్నది. సరిగ్గా మరుసటి నెలలో ఆ సంస్థకు ప్రధానంగా అప్పులిచ్చే గ్రీన్‌సిల్ క్యాపిటల్ లండనులో దివాలా తీసింది. రాష్ట్రం మళ్ళీ మరొక భాగస్వామిని వెతుక్కోవలసి వచ్చింది. లండనులో ఒక వడ్డీ వ్యాపార సంస్థ కూలితే పెన్నా ఒడ్డున చదువుకున్న పిల్లవాని ఉద్యోగపు ఆశ వాయిదా పడింది. ఆ సంస్థ పేరు జమ్మలమడుగులో ఎందరికి తెలిసి ఉంటుంది?

రాజ్యం అంతమైనదన్నవారు ఇక్కడ తమ వాదం గెలిచిందనుకోవచ్చు. కాని వారు మరచిన సంగతి ఒకటున్నది. పెట్టుబడిదారుని ముందు చేతులు జోడించి నిలబడిన ఈ రాష్ట్రమే, భూసేకరణ అధికారి రూపంలో రైతు ముందుకు వచ్చినప్పుడు మాత్రం చేతులు జోడించదు. భూమి సేకరించడం, కేటాయించడం, రద్దు చేయడం, తిరిగి మరొకరికి అప్పగించడం, ఇవన్నీ సార్వభౌమ చర్యలే. లండను అప్పులవాళ్ళకు గాని, ముంబయి సంస్థలకు గాని ఆ శక్తి లేదు. అందుకే వారికి రాజ్యం కావాలి. పెట్టుబడి రాజ్యాన్ని చంపదు, కూలికి పెట్టుకుంటుంది.

పులివెందుల: భూగర్భంలోని సార్వభౌమత్వం

పులివెందుల సమీపాన వేముల మండలం తుమ్మలపల్లెలో రాజ్యం తన పూర్తి ఆకారంలో కనిపిస్తుంది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా గనికీ, శుద్ధి కర్మాగారానికీ 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ఉత్పత్తి ఆరంభమైంది. ఇక్కడ 49 వేల టన్నుల నిల్వలు రూఢి అయినాయనీ, అవి మూడింతలు కావచ్చుననీ 2011లో అణుశక్తి శాఖ ప్రకటించింది. అణుశక్తి, దానికి కావలసిన ఖనిజాలు రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో కేంద్ర జాబితాకు చెందినవి. ముఖ్యమంత్రులను ఇచ్చిన నియోజకవర్గమైనా సరే, దాని నేల కింద ఉన్నదానిమీద రాష్ట్రానికి చెప్పుకోదగిన మాట లేదు.

ఈ గని అంతర్జాతీయ రాజకీయాల నుండి విడదీయరానిది. 1974 పోఖ్రాన్ పరీక్ష తరువాత అణు సరఫరా దేశాల బృందం ఏర్పడి భారతదేశానికి తలుపులు మూసింది. 2007, 2008 ప్రాంతాలలో ఇంధనం చాలక అణు విద్యుత్ కేంద్రాలు సగం శక్తితో నడిచాయి. 2008 సెప్టెంబరు 6న ఆ బృందం మినహాయింపు ఇచ్చింది. దానికి ప్రతిగా భారతదేశం తన 22 రియాక్టర్లలో 14ను అంతర్జాతీయ తనిఖీకి అప్పగించడానికి సమ్మతించింది. దిగుమతి యురేనియం తనిఖీలోని రియాక్టర్లకే పోవాలి. తనిఖీ లేనివాటికి స్వదేశీ ఖనిజమే గతి. కనుక తుమ్మలపల్లె రాయి ఢిల్లీ దృష్టిలో వట్టి ఇంధనం కాదు. విదేశీ కన్ను పడకుండా దాచుకున్న స్వాతంత్ర్యపు ముక్క.

ఆ స్వాతంత్ర్యానికి వెల కట్టేది ఎవరు? ఇక్కడి ముడి రాయి సున్నపురాతి జాతికి చెందినది గనుక ఆమ్లంతో గాక క్షారంతో కరిగించి యురేనియం తీస్తారు. మిగిలిన వ్యర్థం టెయిలింగ్ చెరువుకు చేరుతుంది. ఆ చెరువుకు దగ్గరగా ఉన్న కె.కె. కొట్టాల వంటి పల్లెల రైతులు బోరు నీళ్ళు చెడిపోయినాయనీ, అరటి తోటలు ఎండిపోతున్నాయనీ మొరపెట్టుకున్నారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది, 2019లో నిపుణుల సంఘం పరిశీలన జరిగింది. తమ వల్ల కాలుష్యం లేదని సంస్థ వాదిస్తూ వచ్చింది. ఈ వివాదంలో శాస్త్రీయంగా ఎవరి పక్షం ఎంత అన్నది ఒక ప్రశ్న. దానికన్న ముందు మరొక ప్రశ్న ఉన్నది. అరటి తోట యజమాని తన బోరు నీటి సంగతి తేల్చమని ఎవరిని అడగాలి? వియన్నాలోని తనిఖీ సంస్థ యురేనియం ఎటు పోయిందని చూస్తుందే గాని నీరు ఎటు పోయిందని చూడదు. ఢిల్లీకి అది దేశభద్రత. రాష్ట్రానికి అది కేంద్రం సంగతి.

2006లో ఈ గని కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభ అయినా జరిగింది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల, కీలక ఖనిజాల గనులకు ఆ సభల అవసరమే లేదని ఉత్తర్వు జారీ చేసింది. కీలక ఖనిజాల కోసం ప్రపంచ దేశాల నడుమ పోటీ ముదిరిన కాలంలోనే ఇది రావడం కాకతాళీయం కాదు. ప్రపంచ పోటీ ఎంత పెరిగితే, తన పౌరునికి రాజ్యం చెప్పవలసిన జవాబు అంత తగ్గిపోయింది.

అధికారం, అమానత్

మూడు పట్టణాల సాక్ష్యాన్ని ఒకచోట చేర్చి చూస్తే ఒమాయే వాదం నిలువదు, మారినదేమీ లేదన్న వాదమూ నిలువదు. సార్వభౌమత్వం కరిగిపోలేదు, దిక్కు మార్చుకున్నది. పైకి చూసినప్పుడు అది బేరమాడుతుంది, సర్దుకుంటుంది, మినహాయింపులు కోరుతుంది. కిందికి చూసినప్పుడు ఆజ్ఞాపిస్తుంది.

అయితే ఈ నిర్ణయాన్నీ అతిగా సాగదీయరాదు. రాజ్యం తన పౌరునికి నీడగా నిలిచిన సందర్భాలూ ఉన్నాయి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాలలో తిరిగి తెచ్చినది ఏ బహుళజాతి సంస్థా కాదు, భారత ప్రభుత్వమే. గల్ఫ్ దేశాలకు బిడ్డలను పంపిన కడప జిల్లా కుటుంబాలకు పాస్‌పోర్టు విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. రాజ్యం పోవాలని కోరేవాడు ఆ నీడ కూడా పోతుందని మరువరాదు. కావలసినది రాజ్యం క్షీణించడం కాదు, అది జవాబుదారీ కావడం.

ఈ చోట ఇస్లామీ రాజనీతి గ్రంథాలు ఉపయోగించిన ఒక మాట అక్కరకు వస్తుంది. ఇబ్న్ తైమియ్యా పాలనను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం అమానత్‌ను, అనగా అప్పగింతను, దాని హక్కుదారులకు చేర్చాలన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశాన్ని పునాదిగా చేసుకున్నది. అధికారం పాలకుని సొత్తు కాదు, అతని వద్ద ఉంచబడినది. ఈ భావానికి హదీసు గ్రంథాలలో ఒక గట్టి ఉదాహరణ ఉన్నది. యెమెన్‌కు చెందిన అబ్‌యద్ బిన్ హమ్మాల్ మారిబ్‌లోని ఉప్పు గనిని కోరగా దైవప్రవక్త (సఅసం) ఇచ్చారు. అది ఎండని ఊటవలె ఎవరైనా పోయి తెచ్చుకోదగినదని సభలో ఒకరు విన్నవించగా ఆ కేటాయింపును ఉపసంహరించుకున్నారు. ఫఖీహులు ఈ సంఘటన ఆధారంగా, అందరికీ అవసరమై, తవ్వకుండానే బయటపడి ఉన్న ఖనిజాన్ని ఒక్కరి పరం చేయరాదని తీర్పులు చెప్పారు.

తుమ్మలపల్లె యురేనియం భూమి లోతులో ఉన్నది, మారిబ్ ఉప్పు పైకి తేలి ఉన్నది. కనుక ఆ తీర్పును ఉన్నదున్నట్లు ఇక్కడ అన్వయించడం పొరపాటు. కాని ఆ సంఘటనలోని పద్ధతి నేటికీ పాఠమే. అధికారమున్నవారు ఇచ్చారు. తెలిసినవాడు ఒకడు లేచి వాస్తవం చెప్పాడు. విన్నారు, ఇచ్చినదానిని వెనుకకు తీసుకున్నారు. ఇచ్చినది తిరిగి తీసుకోవడం వల్ల అధికారపు గౌరవం తగ్గలేదు. జమ్మలమడుగులో కేటాయింపు రద్దు కావడానికి ఒక పెద్దమనిషి జైలుకు పోవలసి వచ్చింది గాని, మొదట్లోనే లేచి నిలబడిన పల్లెవాని మాట చాలలేదు. పులివెందుల వద్ద ఆ మాట చెప్పడానికి మిగిలిన ఒక్క సభ కూడా ఇకముందు తెరిచే గనులకు ఉండనవసరం లేదని ఉత్తర్వు వచ్చింది.

సార్వభౌమత్వాన్ని గూర్చి చర్చించేవారు దానిని వాషింగ్టనులో, వియన్నాలో, జెనీవాలో కొలుస్తున్నారు. ఆ కొలత అవసరమే. అయితే అది అసలైన కొలత కాదు. ఒక రాజ్యం ఎంత స్వతంత్రమైనదో, లండను ధర ముందు, విదేశీ బృందపు మినహాయింపు ముందు అది ఎట్లా నిలిచిందన్నదాన్నిబట్టి సగమే తెలుస్తుంది. తన బోరు నీళ్ళు సీసాలో పట్టుకుని కచ్చేరీ గడప ఎక్కిన రైతుకు ఆ రాజ్యం ఏమి జవాబు చెప్పిందన్నది తక్కిన సగం. మొదటి సగం మీద గ్రంథాలు చాలా వచ్చాయి. రెండవ సగం ఇంకా వ్రాయవలసి ఉన్నది.